ఎర్ర పిట్ట

రాయవరంలో ఒక పెద్దాయన ఉన్నారు. రైసు మిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి మానుకున్నాక, దాచుకున్న డబ్బులో కొంత తీసి, ఎవరో వాడి అమ్మేసిన చిన్న కారొకటి కొనుక్కున్నారు. మండపేట బజారుకీ, రామచంద్రపురం ఆస్పత్రికీ, పండగలకి వెదురుపాక గుడికీ అదే బండి. ఇంటి పక్కన రేకుల పందిరి వేయించి, దాని కింద పెట్టుకునేవారు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడవందే కాఫీ తాగేవారు కాదు. తుడిచినా ఏం లాభం, సాయంత్రానికి మళ్ళీ బానెట్ మీద వేలితో పేరు రాసేంత మసి. మండపేట, అనపర్తి, రాయవరం చుట్టుపక్కల మిల్లుల బాయిలర్లలో కాల్చేది ఊకే. ఆ నల్లటి బూడిద గాలికి లేచి ఆరేసిన బట్టల మీదా, ఎండబెట్టిన వడియాల మీదా, కారు తలుపుల సందుల్లోనూ వాలుతుంది.

ఆయన మనవరాలికి ఆరేళ్ళు. తాతయ్య పక్కన నిలబడి స్పీడోమీటరు దగ్గరి దీపాలు చూడటం ఆ పిల్లకి సరదా. వాటిలో ఒకటి ఎర్రగా వెలిగేది, పైనుంచి చూసిన కారు బొమ్మ, రెండు పక్కలా తెరిచిన తలుపులు. పిల్ల కళ్ళకి అది రెక్కలు చాచిన పిట్ట. తలుపు తీస్తే పిట్ట ఎగురుతుంది, మూస్తే దాక్కుంటుంది. "తాతయ్యా, ఎర్ర పిట్ట వచ్చింది" అని పిల్ల అరిస్తే ఏదో తలుపు పడలేదని ఇంట్లో అందరికీ అర్థం.

ఒక ఏడాది ఆశ్వయుజంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, మూడు రోజులు ముసురు. నాలుగోనాడు వాన తెరిపిచ్చాక పెద్దాయన భార్యని కంటి డాక్టరుకి చూపించాలని కాకినాడ బయలుదేరదీశారు. తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ చచ్చిపోయింది. లోపలి కప్పు దీపం మాత్రం ఆరిపోయే నిప్పురవ్వలా ఎర్రగా, నీరసంగా ఇంకా వెలుగుతోంది.

ఇందులో వింతేం లేదు. అయిదు వాట్ల చిన్న బల్బు పన్నెండు వోల్టుల మీద గంటకి దాదాపు 0.4 ఆంపియర్ గంటలు తాగుతుంది. చిన్న కార్లకి వచ్చే 35 ఆంపియర్ గంటల బ్యాటరీని మూడు పగళ్ళూ మూడు రాత్రుళ్ళూ అలా పీలిస్తే ముప్పై దాకా పోతాయి. తలుపు తెరిచే ఉందని నమ్మిన కారు, దిగేవాళ్ళకి దారి కనపడాలని దీపం వెలిగించి కూర్చుంది పాపం. చూడటానికి నాలుగు తలుపులూ గట్టిగానే వేసి ఉన్నాయి.

పక్కింటి కుర్రాళ్ళు నెట్టారు, బండి కదిలింది. అప్పట్నించి ఎర్ర పిట్ట ఆరటం మానేసింది. వేసిన తలుపే మళ్ళీ తీసి వేయడం, ఒక్కో తలుపునీ తుంటితో నెట్టి చూడటం, టింగు టింగు మోత వినలేక రేడియో పెట్టుకోవడం. ఒకరోజు ఆరేది, ఒకరోజు గుంటలో చక్రం పడగానే వెలిగేది. వారం తిరిగేసరికి పెద్దాయనకి దాని మీద కోపం వచ్చింది. "అబద్ధాలకోరు దీపం" అన్నారు.

దారిలో ఒక రిపేరు కుర్రాడికి చూపించారు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చూసి, "ఆయ్, సెన్సార్ పోయిందండి. లాకు మొత్తం మార్చాలి. ఎందుకండీ బాబూ మీకంత ఖర్చు? వైరు కోసేస్తే సరి. దీపమూ ఉండదు, మోతా ఉండదు" అన్నాడు.

"తలుపులు పడతాయిగా?"

"తలుపు పడటానికీ దీపానికీ సంబంధం ఏంటండీ! తలుపు తలుపే, దీపం దీపమే."

సీటు పక్క పట్టీ ఊడదీసి, నాలుగు తలుపుల నుంచీ వచ్చి కలిసే వైరు ఎక్కడుందో చూసి కోసేశాడు. ఆ కారులో తలుపు తెరిస్తే స్విచ్చి ఆ వైరుని కారు బాడీకి తగిలిస్తుంది, అప్పుడు దీపం వెలుగుతుంది. వైరు తెగితే ఇక ఏ తలుపు తెరిచినా కారు లెక్కలో అది మూసినట్టే. పది నిమిషాల పని. పిట్ట ఆరిపోయింది. ఆ సాయంత్రం ఆయన రేడియో పెట్టకుండా హాయిగా ఇంటికొచ్చారు. మనవరాలు తలుపు తీసి చూసింది. మూసి, మళ్ళీ తీసింది. "పిట్ట చచ్చిపోయిందా తాతయ్యా?" అంది. "నిద్దరోతోందమ్మా" అన్నారాయన.

మాఘమాసంలో మండపేటలో చుట్టాల పెళ్ళి. తిరిగొచ్చేటప్పుడు పొద్దుపోయింది. వెనక సీట్లో అమ్మమ్మ, మనవరాలు, వాళ్ళిద్దరి మధ్యా కాళ్ళ దగ్గరా సారె సామాను, పైన తాపేశ్వరం కాజాల బుట్ట. ఎక్కేటప్పుడు పెళ్ళివారి పిల్లెవరో ఎడమ వెనక తలుపు తోసి వెళ్ళిపోయింది. తోసిన చప్పుడైంది కాబట్టి పడిందనుకున్నారు అందరూ. పిల్ల ఉందని పెద్దాయన ఆ తలుపుకి చైల్డ్ లాక్ కూడా పెట్టుకున్నారు. అది లోపలి హ్యాండిల్ని పనిచెయ్యనివ్వదు, అంతే. పడని తలుపుని పట్టి ఉంచటం దాని పని కాదు.

కాలవ గట్టు మీద మలుపు. ఎదురుగా లారీ దీపాలు. పెద్దాయన మలుపు వెంట స్టీరింగు కుడికి తిప్పారు. ఎడమ తలుపు తనంతట తనే, ఏ చప్పుడూ లేకుండా, పూర్తిగా తెరుచుకుంది. చల్లగాలి లోపలికొచ్చింది. నిద్రలో తలుపుకి ఆనుకుని ఉన్న పిల్ల ఒళ్ళు ఆ వైపు జారింది. అమ్మమ్మ చేతికి పిల్ల పట్టుపావడా కుచ్చిళ్ళు దొరికాయి. పిడికిట్లో దొరికింది దొరికినట్టు గుంజింది. కాజాల బుట్ట దొర్లుకుంటూ వెళ్ళి గట్టు దిగి నీళ్ళలో పడిన చప్పుడు విన్నాకే పెద్దాయన బ్రేకు తొక్కారు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ పిడికిలి ఎవరు విప్పినా విప్పుకోలేదు, పావడా జరీ అంచు ఆవిడ అరచేతిలో గీతలు పెట్టింది. పెద్దాయన కళ్ళు స్పీడోమీటరు మీద ఉన్నాయి. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. పిట్ట ఉండాల్సిన చోట చీకటి.

"పిట్ట ఎందుకు చెప్పలేదు తాతయ్యా?" అంది పిల్ల.

మర్నాడు తెల్లారకుండానే ఆయన అనపర్తిలో మోటారు వైండింగు షాపు పెట్టుకున్న మేనల్లుడికి ఫోన్ చేశారు. అతను ఒక సంచీతో వచ్చాడు. విన్నాక మావయ్యని ఒక్క మాటా అనలేదు. బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టి, తెగిన వైరు రెండు కొసలూ గీకి, మెలేసి, టంకం పెట్టి, పైన స్లీవు తొడిగాడు. బ్యాటరీ తగిలించి తాళం తిప్పగానే ఎర్ర పిట్ట రెక్కలు చాచింది. ఆ దీపాన్ని చూసి పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

"ఇప్పుడు ఏ తలుపో కనిపెడదాం. నువ్వు దీపం చూస్తూండు మావయ్యా."

నాలుగు తలుపులూ వేసి, ఒక్కోదాన్నీ బయటినుంచి పిడికిలితో గుద్దుకుంటూ వచ్చాడు. మూడు తలుపుల దగ్గర దీపం కదలలేదు. ఎడమ వెనక తలుపు గుద్దగానే రెప్ప కొట్టింది. అది తెరిచి, తలుపు అంచున ఉన్న లాకులో స్క్రూడ్రైవరు పెట్టి కొక్కేన్ని నెట్టాడు. తలుపు వేసినప్పుడు కారు స్తంభానికున్న ఇనుప కడ్డీని పట్టుకునేది ఆ కొక్కెమే. మంచి లాకులో అది రెండుసార్లు పడుతుంది. టక్కు మంటే సగం గడియ, మళ్ళీ టక్కు మంటే పూర్తి గడియ. ఇది టక్కు మనలేదు. జిగురులో కాలు వేసినట్టు మెల్లగా వెళ్ళి మధ్యలో ఆగింది.

సెల్‌ఫోన్ లైటు వేసి చూపించాడు. కొక్కెం చుట్టూ పాత గ్రీజు, అందులో ఏళ్ళ తరబడి మిల్లు బూడిద, ముసురులో దిగిన తేమ, మూడూ కలిసి తారులా గడ్డకట్టాయి. ఆ తారులో నిలువుగా నాటుకుని ఒక్క వడ్లపొట్టు. కొక్కెం తిరిగితే నొక్కుకోవాల్సిన చిన్న మైక్రోస్విచ్చి దాని వెనకే ఉంది. కొక్కెం చివరిదాకా రాదు, స్విచ్చి నొక్కుకోదు.

"అంటే..." అన్నారు పెద్దాయన.

"అంటే ఇది అబద్ధం చెప్పలేదు మావయ్యా. తలుపు మూసినట్టు మనకి కనపడుతోంది, కొక్కెం మాత్రం చివరిదాకా పట్టట్లేదు. ఆ మాటే చెప్పింది ఇన్నాళ్ళూ."

సంచీలోంచి డబ్ల్యూడీ-40 డబ్బా తీశాడు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో నలభయ్యో ప్రయత్నానికి కుదిరిన మందు అది, పేరులోని నలభై అదే. నీటిని తోసేసి తుప్పు పట్టనివ్వకుండా చెయ్యడానికే పుట్టింది. మన డెల్టా తేమకి చెప్పి చేయించినట్టుంటుంది. సన్నగొట్టం లాకు లోపలికి పెట్టి, కింద గుడ్డ పట్టుకుని, ధారగా కొట్టాడు. నల్లటి చారలు కారాయి. పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాడు, మళ్ళీ కొట్టాడు. కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో మూయడం, బయటి హ్యాండిల్ లాగి విడిపించడం, అలా ఓ యాభై సార్లు చేయించాడు మావయ్య చేత. కారే చార నలుపు నుంచి గోధుమ రంగుకి, ఆఖరికి తెలుపుకి వచ్చింది. వడ్లపొట్టు గుడ్డ మీద పడింది. కొక్కెం టక్కు మంది. మళ్ళీ టక్కు మంది. పిట్ట ఆరింది.

పెద్దాయన సంబరంగా తలుపు వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు! కొక్కెం మూసుకుని ఉంది. ఇప్పుడు వేస్తే ఇనుప కడ్డీకి కొట్టుకుని లాకు విరుగుతుంది. ముందు హ్యాండిల్ లాగి విడిపించు." ఇంట్లో చేసుకునేవాళ్ళు చాలామంది మరిచిపోయేది ఇదే.

తడి ఆరేదాకా గంట ఆగి, కొక్కేనికి తెల్ల లిథియం గ్రీజు గోరంత పూశాడు. డబ్బాలో మందు శుభ్రం చెయ్యడానికి మంచిది గాని ఎక్కువ రోజులు నిలవదు, గ్రీజు నిలుస్తుంది. తలుపుకీ స్తంభానికీ మధ్య ఉండే రబ్బరు గొట్టం మడతలు విప్పి లోపలి వైర్లు కూడా చూశాడు. తలుపు తీసి వేసినప్పుడల్లా అక్కడ వంగి వంగి వైరు తెగే జబ్బు ఒకటుంది. అవి బాగానే ఉన్నాయి. మైక్రోస్విచ్చే చచ్చి ఉంటే మాత్రం తలుపు లోపలి అట్ట విప్పి లాకు మార్చాల్సి వచ్చేది, అప్పుడు ఆ ఖర్చు పెట్టాల్సిందే.

నీతి: హెచ్చరించే దానికి జబ్బు చేస్తే వైద్యం చెయ్యాలి, నోరు నొక్కకూడదు.

ఈ నీతి ఒక్క కారు తలుపుకే అయితే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. మనం గోదావరి నీళ్ళు తాగి, గోదావరి వరదకి భయపడి బతికేవాళ్ళం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో చదువురాని ముసలమ్మకి కూడా ఈ అంకెలు నోటికి వచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి గట్లు తెంపాక వాటి విలువ మరీ తెలిసింది. ఒక్కోసారి రెండో హెచ్చరిక వేశాక నీళ్ళు తగ్గుముఖం పడతాయి. సామాను అటక మీదికెక్కించి, గొడ్లని గట్టు మీదికి తోలి, మళ్ళీ దింపుకుంటాం. విసుగే. అయినా ఆ కొలబద్దని పీకి గోదాట్లో పారేద్దామని లంకల్లో ఎవరూ అనగా నేను వినలేదు. దాని మీద మట్టి పేరుకుంటే కడుగుతారు, గీతలు చెరిగితే రంగు వేస్తారు. మన పెద్దలు మనకి నేర్పిన మర్యాద అది. నదికి చూపించే ఆ మర్యాద ఇంట్లో వస్తువుకి ఎందుకు చూపించం?

2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లలో సీటుబెల్టు పెట్టుకోకపోతే మోత రావాలని నిబంధన పెట్టారు. ఆ మోత వినలేక బెల్టు బదులు గాడిలో దూర్చుకునే ఉత్తుత్తి క్లిప్పులు బజార్లోకి వచ్చాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకి ఉత్తర్వులిస్తే, అమ్మకానికి పెట్టినవి 13,118 తీసేయాల్సి వచ్చింది. బెల్టు లాగి పెట్టుకోవడానికి రెండు క్షణాలు పడుతుంది. ఆ రెండు క్షణాలకి బద్ధకించి, డబ్బిచ్చి మరీ కారు నోరు మూయించినవాళ్ళు ఎంతమందో. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, మన పెద్దాయనలాంటి వాళ్ళే. రోజూ వినే మోత చెవిని మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత అదే శత్రువులా కనపడుతుంది.

ఇంకొకటి చెప్పాలంటే గొంతు పట్టుకుంటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. నిద్రలేచి పొయ్యి వెలిగించుకునే వేళ. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు అప్పుడు అన్నారు. కొబ్బరిచెట్లు మొవ్వుల దాకా మాడిపోయి నిలబడిన ఆ ఊరి ఫోటోలు చూసినవాళ్ళెవరూ మరిచిపోలేదు. నా మట్టుకు నాకు, ఇంట్లో గ్యాస్ వాసన వచ్చిందని ఎవరన్నా అంటే, "నీకలాగే అనిపిస్తుందిలే" అనే మాట నోట్లోంచి రాదిక.

తలుపు గడియ చిన్న విషయమనుకునేవాళ్ళకి ఒక సంగతి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో దేశాలు కలిసి వాహనాలకి రాసుకున్న ప్రపంచ సాంకేతిక నిబంధనల్లో ఒకటో నంబరుది, 2004లో వచ్చింది, తలుపు లాకుల గురించే. పూర్తి గడియ పడిన లాకు ఒక దిశలో 11,000 న్యూటన్ల లాగుడికి ఊడకూడదు. మన లెక్కలో పదకొండు వందల కిలోల బరువు వేలాడదీసినట్టు. సగం గడియ పడినప్పుడు అడిగేది 4,500 మాత్రమే, సగం కూడా కాదు. రెండు టక్కుల మధ్య ఇంత తేడా ఉంది. ఆ తేడా కంటికి కనపడదు, తలుపు రెండుసార్లూ మూసినట్టే ఉంటుంది. ఆ తేడా చెప్పడానికే ఎర్ర దీపం. పెద్దాయన కారులో అయితే బూడిద పట్టిన కొక్కేనికి ఆ సగం గడియ కూడా సరిగా పడలేదు. తలుపు ఊరికే ఆనుకుని ఉంది.

"తలుపు తలుపే, దీపం దీపమే" అన్న ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పొద్దున్నుంచీ ఎండలో నిలబడి, అడిగినవాళ్ళకి అడిగింది చేసి పంపేవాడు. మోత ఆగాలని అడిగారు, ఆపాడు. మనమే సరిగా అడగాలి. "దీపం ఎలా ఆర్పాలి" అని అడిగితే కత్తెర తీస్తారు. "దీపం ఎందుకు వెలుగుతోంది" అని అడిగితే స్క్రూడ్రైవరూ బ్రష్షూ తీస్తారు. ఖర్చు తేడా కూడా పెద్దగా లేదు. ఆ రోజు మేనల్లుడు వాడింది ఒక డబ్బాలో పావు వంతు మందు, గోరంత గ్రీజు, ఒక పాత పళ్ళ బ్రష్షు.

గ్రీజు పూశాక మేనల్లుడు తలుపు వేశాడు. పిట్ట ఆరింది. పెద్దాయన, "అమ్మయ్య, అయిపోయిందిరా అల్లుడూ, రా, కాళ్ళు కడుక్కో, మీ అత్తయ్య పెసరట్టు వేస్తోంది" అన్నారు.

"అవలేదు మావయ్యా. ఆరటం ఆ కోసినవాడు కూడా చూపించాడుగా" అని, మనవరాలిని పిలిచాడు. తలుపు తీసి, ఈసారి మెల్లగా, మొదటి టక్కు దాకా మాత్రమే నెట్టి వదిలాడు. బయటినుంచి చూస్తే మూసినట్టే ఉంది. పిల్లని ముందు సీట్లోకి ఎత్తి కూర్చోబెట్టి, "ఇప్పుడు చూసి చెప్పమ్మా" అన్నాడు.

పిల్ల మోకాళ్ళ మీద లేచి, స్టీరింగు మీంచి తొంగి చూసింది.

"వచ్చింది! ఎర్ర పిట్ట వచ్చింది తాతయ్యా!"

అప్పుడు పెద్దాయన వెళ్ళి, ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి, రెండో టక్కు వినపడేదాకా నొక్కారు.